ఫ్లెక్సీ పిలవదు, మనిషే పిలవాలి



కోత పండుగ దగ్గరికొచ్చింది. దాని వెనకే క్రిస్మస్. ఈ దినాల్లో ఏ సంఘ కమిటీ కూర్చున్నా మొదటి ప్రశ్న ఒకటే: ఫ్లెక్సీ ఎంత సైజు వేయిద్దాం? రెండో ప్రశ్న: దానిమీద ఎవరెవరి ఫోటోలు పెడదాం? ఆ తర్వాత మైకు ఆటో ఎన్ని ఊళ్ళు తిరగాలి, వాట్సాప్‌లో ఎప్పుడు పెట్టాలి, వంట ఎవరికి అప్పజెప్పాలి అన్న లెక్కలు. ఇవన్నీ అయ్యాక, టీ తాగి లేచేటప్పుడు, ఎవరో ఒకరు "అందరూ తలా ఒకరిని పిల్చుకొని రండబ్బా" అంటారు. ఆ మాటకు ఎవరూ బదులు చెప్పరు. ముగింపు ప్రార్థన చేసుకొని ఇండ్లకు పోతారు.

ఈ వరస తలకిందులుగా ఉందని చెప్పడానికే మేము ఇది రాస్తున్నాం. లేచేటప్పుడు అనే ఆ మాట కూర్చున్నప్పుడు మొదట అనాల్సిన మాట. అది ఉంటే ఫ్లెక్సీ లేకపోయినా కూడిక నిండుతుంది. అది లేకపోతే ఆర్టీసీ బస్టాండు నుంచి గుడి దాకా వరసగా ఫ్లెక్సీలు కట్టినా వచ్చేది పోయినేడు వచ్చినవాళ్ళే.

మన సీమలో పెండ్లికి ఎట్లా పిలుస్తారో మీకు మేము నేర్పనక్కరలేదు. పత్రిక అచ్చు వేయించినంత మాత్రాన పిలిచినట్టు కాదు. పత్రిక చేతపట్టుకొని ఇంటికి పోవాలి. లోపలికి పోయి కూర్చోవాలి, ఇచ్చిన నీళ్ళు తాగాలి, వాన గురించీ పిల్లల గురించీ నాలుగు మాటలు మాట్లాడాలి. ఆ తర్వాత వరస పెట్టి "మామా, నువ్వూ అత్తా పిల్లోళ్ళూ అందరూ ముందురోజే రావాల" అని చెప్పాలి. అన్నను పిలిచి పక్కింట్లో ఉన్న తమ్ముణ్ణి మరిచిపోతే అది ఏండ్ల తరబడి గుర్తుండే తప్పు. మగవాళ్ళకు చెప్పి లోపల పొయ్యికాడున్న ఆడవాళ్ళకు చెప్పకపోతే అదింకో తప్పు. "పత్రిక ఎవరి చేతనో పంపించినాడు, ఇంటికొచ్చి పిలవలేదు" అన్న ఒక్క కారణం మీద రాకపోకలు ఆగిపోయిన కుటుంబాలు ప్రతి ఊర్లోనూ ఉన్నాయి.

ఇంత తెలిసిన మనం, పెండ్లి విషయంలో ఇంత పట్టింపు ఉన్న మనం, దేవుని కూడిక దగ్గరికి వచ్చేసరికి గోడకు కట్టిన ప్లాస్టిక్ గుడ్డను చూసి ఊరంతా రావాలనుకుంటాం. మన బిడ్డ పెండ్లికి పక్కింటివాడికి వాట్సాప్‌లో పత్రిక పంపించి ఊరుకుంటే వాడు మన ముఖం చూస్తాడా? మరి గొఱ్ఱెపిల్ల పెండ్లి విందుకు పిలవాల్సిన సంఘం ఆ పని చేసి ఊరుకోవచ్చా?

ప్రకటన వేరు, పిలుపు వేరు. ప్రకటనలో తారీకు, చోటు, ప్రసంగీకుల పేర్లు ఉంటాయి. పిలుపులో పిలిచేవాడు ఉంటాడు, పిలిపించుకునేవాడు ఉంటాడు, వాళ్ళిద్దరి మధ్య అంతకుముందే ఏదో ఒక మాటా మంచీ ఉంటుంది. ఫ్లెక్సీని చూసినవాడు చదువుతాడు, దాటిపోతాడు. పక్కన నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ, దాని పక్కన జూనియర్ కాలేజీ ఫ్లెక్సీ, నడుమ మనది. ఆ మూడింటికీ వాడిచ్చే విలువ ఒకటే. "నువ్వు రా" అని దానిమీద లేదు. వాడి పేరు దానికి తెలియదు. రాకపోతే వాడిని అది అడగదు.

మైకు ఆటో సంగతి ఇంకా కష్టం. పరీక్షకు చదువుకునే పిల్లలున్న ఇంటి ముందు, జ్వరంతో పడుకున్న ముసలమ్మ ఇంటి ముందు హోరెత్తించి పోయి, "మేము వాళ్ళకు చెప్పినాం" అంటే అది చెప్పినట్టా? వాట్సాప్ సంగతి మరీ విచిత్రం. మన సంఘ గ్రూపులో ఉన్నది మన సంఘంవాళ్ళే. మనకు మనమే పది సార్లు పిలుపు పంపుకొని, మనకు మనమే చేతులు జోడించిన బొమ్మలు పెట్టుకుంటాం. గడప అవతల ఉన్న మనిషికి ఆ గ్రూపు ఒకటుందనే తెలియదు.

రైతు బిడ్డలకు అర్థమయ్యే మాట ఒకటి చెబుతాం. మన కదిరి వ్యవసాయ పరిశోధనా కేంద్రం నుంచి వేరుశెనగ రకాలు ఎన్నో వచ్చాయి. కదిరి-6 పేరు వినని రైతు ఈ నేల మీద లేడు. ఆ తర్వాత కదిరి లేపాక్షి వచ్చింది. ఇప్పుడు మీరే చెప్పండి, కొత్త రకం ఇత్తనం వేసేటప్పుడు మీరు ఎవరి మాట నమ్ముతారు? గోడమీది పోస్టరునా, పోయినేడు అదే ఇత్తనం వేసిన పక్క చేను రైతునా? మీరు ఆయన గట్టుమీదికి పోతారు, చెట్టు పీకి కాయలు చూస్తారు, "ఎకరాకు ఎన్ని మూటలు వచ్చినాయన్నా, వాన లేనప్పుడు తట్టుకుందా" అని అడుగుతారు. ఆయన తన చేను చూపిస్తాడు. ఇత్తనం ఊరినుంచి ఊరికి పోయేది అట్లానే. దేవుని వాక్యాన్ని కూడా ప్రభువు విత్తనంతోనే పోల్చాడు. ఆ విత్తనం గురించి మన పొరుగువాడు అడగాల్సిన మనిషి మనం. చూడాల్సిన చేను మన ఇల్లు. గోడమీది బొమ్మను అడిగి ఎవరూ తెలుసుకోరు.

ఇప్పుడు లేఖనంలోకి పోదాం. యోహాను సువార్త మొదటి అధ్యాయం 40వ వచనం నుంచి బైబిలు తెరిచి చదవండి. అంద్రెయ ప్రభువును కలుసుకున్నాడు. తర్వాత ఆయన చేసిన మొదటి పని ఏమిటి? తన సొంత అన్నదమ్ముడైన సీమోనును వెదికి పట్టుకొని ప్రభువు దగ్గరికి తోడుకొని వచ్చాడు. ఫిలిప్పు నతనయేలును వెదికాడు. నతనయేలు వెంటనే రాలేదు. నజరేతు అనే ఊరిని తక్కువ చేసి మాట్లాడాడు. ఫిలిప్పు వాదించలేదు, కోపగించుకోలేదు, వచ్చి చూసుకోమన్నాడు, అంతే. వాదనలో గెలవాలని ఆయన చూడలేదు. స్నేహితుడు ప్రభువు ఎదుటికి రావాలన్నదే ఆయన ఆశ.

అదే సువార్త నాలుగో అధ్యాయంలో సమరయ స్త్రీని చూడండి. ఊరిలో ఆమెకు మంచి పేరు లేదు. మధ్యాహ్నపు ఎండలో ఒంటరిగా బావికి వచ్చిన మనిషి. ఆమె కుండ అక్కడే విడిచిపెట్టి ఊర్లోకి పోయి మనుషులతో చెప్పింది. ఊరు కదిలి వచ్చింది. చివరికి ఆ ఊరివాళ్ళు, ఇప్పుడు మేము నమ్మేది నీ మాట మీద కాదమ్మా, మేమే స్వయంగా విన్నాం అన్నారు. పిలిచేవాని పని అక్కడితో ముగుస్తుంది. మన మాట వాళ్ళను గుమ్మం దాకా తీసుకొస్తే చాలు, అక్కడినుంచి ప్రభువు మాట్లాడుకుంటాడు. "మాకు వాక్యజ్ఞానం లేదు, మేమేం పిలుస్తాం పాస్టరుగారూ" అనే తల్లులు ఈ అధ్యాయం మళ్ళీ చదవాలి. ఆమె ఏ బైబిలు ట్రైనింగుకూ పోలేదు.

లూకా సువార్త ఐదో అధ్యాయంలో సుంకరి లేవి తన ఇంట్లో విందు చేసి తన తోటి సుంకరులను పిలిచాడు. అపొస్తలుల కార్యములు పదో అధ్యాయంలో శతాధిపతి కొర్నేలీ, పేతురు రాకముందే తన బంధువులనూ దగ్గరి స్నేహితులనూ ఇంట్లో కూర్చోబెట్టి ఎదురుచూస్తున్నాడు. రోమా సైన్యంలో శతాధిపతికి చాటింపు వేయించడం కష్టమా? ఆయన చాటింపు వేయించలేదు. తనను నమ్మేవాళ్ళను తానే పిలుచుకున్నాడు. సంఘం అన్న మాటకు కొత్త నిబంధన గ్రీకులో ఉన్న పదం ఎక్లేసియా. పిలువబడి వెలుపలికి వచ్చినవారి కూటమి అని దాని మూలార్థం. పిలుపుతో పుట్టినదానికే పిలవడం బరువైతే ఎట్లా?

"అవి బైబిలు కాలం మాటలు, ఇప్పుడు ప్రచారం లేకుండా పని జరగదు" అనేవారికి మన తెలుగు నేలమీద జరిగింది చెబుతాం. అమెరికా బాప్టిస్టు మిషనెరీ శామ్యూల్ డే 1836లో తెలుగువారి మధ్యకు వచ్చాడు. ఆ తర్వాత సుమారు 30 ఏండ్లు నెల్లూరు కేంద్రంగా పని జరిగింది. బజార్లలో బోధించారు, తిరునాళ్ళలో కరపత్రాలు పంచారు. వాళ్ళ త్యాగాన్ని తక్కువ చేసే హక్కు మనకు లేదు. కానీ వచ్చినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. ఈ పని మూసేద్దామా అని అమెరికాలో మిషను పెద్దలు ఒకసారి కాదు, పలుసార్లు ఆలోచించారు.

అప్పుడు యర్రగుంట్ల పేరయ్య వచ్చాడు. కనిగిరి వైపు తాళ్ళకొండపాడు మనిషి, మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు. ఏలూరు వైపు పోయినప్పుడు సువార్త విన్నాడు. 1866లో ఆయనా భార్య నాగమ్మా బాప్తిస్మం పొందారు. తర్వాత ఆయన ఏం చేశాడు? ఇంటికి పోయి తన చుట్టాలకు చెప్పాడు. తోళ్ళ బేరానికి తిరిగే ఊళ్ళలో తెలిసినవాళ్ళకు చెప్పాడు. 1867 జనవరిలో జాన్ క్లౌ అనే మిషనెరీ ఆ ఊరి దగ్గరికి పోయి గుడారం వేసేసరికి, పేరయ్య మాట మీద చుట్టుపక్కల పల్లెలనుంచి జనం వచ్చి ఉన్నారు. కొద్దిరోజుల్లో 28 మంది బాప్తిస్మం పొందారు. 30 ఏండ్ల కరపత్రాలు తెరవలేని తలుపును ఒక తోళ్ళ వ్యాపారి తన బంధుత్వాలతో తెరిచాడు. ఆయన చేతిలో మైకు లేదు, ఆయన ఫోటో ఏ గోడమీదా లేదు.

ఆ తర్వాత పదేండ్లకు 1876లో ధాతు నామ సంవత్సరపు కరువు వచ్చింది. ఆ కరువు మన నేలను కూడా పట్టి పీడించింది. అప్పటికి మన కదిరి కడప జిల్లాలో ఉండేది, 1910లో గానీ అనంతపురం జిల్లాలో కలవలేదు. కడప, కర్నూలు, బళ్ళారి సీమలు ఆ కరువులో ఎట్లా అల్లాడాయో పెద్దల నోట విన్నవారు ఉంటారు. ఒంగోలు వైపు క్లౌగారు బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం పని ఒప్పుకొని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి దొరికేటట్టు చేశాడు. బోధకులే ఆ పనిమీద మేస్త్రీలు. పని మధ్యలో అలసి కూర్చున్న కూలీల పక్కన కూర్చొని వాళ్ళు మాట్లాడారు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా, ఏడాదికి పైగా క్లౌగారు ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారో ప్రభువు కోసం వచ్చారో తేలాలని ఆగాడు. కరువు సాయం ముగిశాక ఇచ్చాడు. 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం పొందారు.

సంఖ్య చెప్పి చప్పట్లు కొట్టించుకోవడానికి మేము ఈ మాట ఎత్తలేదు. ఆ సంఖ్య వెనక రెండు సంగతులున్నాయి. ఒకటి, మనిషి పక్కన మనిషి కూర్చోవడం. రెండు, ఆశ చూపించి పిలవకపోవడం. ఈ రెండూ ఈనాటి మన కూడికల్లో ఉన్నాయా అని కమిటీ పెద్దలు తమను తాము అడగాలి.

దోర్నకల్లులో బిషప్ అజరయ్యగారు ఉండేవారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్‌గా అభిషేకం పొందిన మొదటి భారతీయుడు ఆయన. బాప్తిస్మం పొందిన పల్లె ప్రజల చేత వాళ్ళ చేయి వాళ్ళ తలమీదే పెట్టించి, నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న భావంతో ప్రమాణం చేయించేవారని ఆయన గురించి చెబుతారు. అక్షరం రాని కూలి మనిషి కూడా పిలిచే బాధ్యత ఉన్నవాడే అని ఆయన నమ్మారు. ఆ బాధ్యతను ఈ రోజు మనం ఫ్లెక్సీ షాపువానికి అప్పజెప్పాం.

ఇప్పుడు కొందరు విజ్ఞులు అడిగే గట్టి ప్రశ్నకు వద్దాం. "పాస్టరుగారూ, చుట్టరికం మీద, పరిచయం మీద పిలవమంటున్నారు. అట్లా పిలిచే కదా మన సంఘాలు కులాల వారీగా మిగిలిపోయాయి. మాలలు మాలలనే పిలిచారు, మాదిగలు మాదిగలనే పిలిచారు, రెడ్లలోనుంచి ఒకరు వస్తే ఆయన తనవాళ్ళనే పిలిచాడు. ఫ్లెక్సీ అయితే అందరికీ కనిపిస్తుంది కదా."

ఈ ప్రశ్నలో నిజం ఉంది, దాన్ని దాటవేయం. 1955లో డొనాల్డ్ మెక్‌గావ్రాన్ 'బ్రిడ్జెస్ ఆఫ్ గాడ్' అనే పుస్తకం రాశాడు. మన దేశంలోనే పుట్టి ఇక్కడే పనిచేసిన మిషనెరీ ఆయన. రక్తసంబంధాలే దేవుడు కట్టిన వంతెనలు, సువార్త వాటిమీదుగా నడుస్తుంది అన్నది ఆయన వాదన. వంతెన మాట నిజమే. కానీ ఒకే కులం ఇండ్ల మధ్య అటూ ఇటూ తిరగడానికి వంతెన అక్కరలేదు. వంతెన కట్టేది అవతలి ఒడ్డుకు పోవడానికి.

లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాట మనల్ని గుచ్చాలి. విందు చేసేటప్పుడు స్నేహితులనూ బంధువులనూ ధనవంతులైన పొరుగువారినీ మాత్రమే పిలుచుకుంటే, వాళ్ళు తిరిగి పిలుస్తారు, లెక్క సరిపోతుంది అన్నాడు. బీదలనూ కుంటివారినీ గుడ్డివారినీ పిలవమన్నాడు. అదే అధ్యాయంలో గొప్ప విందు ఉపమానం ఉంది. అక్కడ కూడా యజమాని వీధుల్లోకీ సందుల్లోకీ దాసుణ్ణి పంపించాడు. గోడమీద రాయించలేదు, మనిషిని పంపించాడు. కాబట్టి మా జవాబు ఇది: పిలుపు పరిచయం మీదే నడవాలి, కానీ మన పరిచయాలు మన కులం దాటి నడవాలి. ఫ్లెక్సీ కులం దాటుతుంది అనేది భ్రమ. చదివినవాడు "ఇది వాళ్ళ గుడిది" అనుకొని పోతాడు. ఆ మాటను అబద్ధం చేయగలిగింది అతని పక్కన నిలబడి "నువ్వు రా అన్నా, నా పక్కనే కూర్చో" అనే మనిషి మాత్రమే.

అవతలి ఒడ్డు మనకు దూరం కూడా కాదు. పొదుపు సంఘంలో మీ పక్కన కూర్చునే అక్క ఎవరు? ఉపాధి పనిలో మీతో తట్ట అందుకునే మనిషి ఎవరు? శెనక్కాయ పీకే కూలి గుంపులో, బెంగళూరు పోయే రాత్రి బస్సులో, మేస్త్రీ పనికాడ ఒకే టిఫిన్ డబ్బాలో తినేది ఎవరితో? ఈ మనుషులందరూ ఆదివారం వచ్చేసరికి మనకు ఎందుకు గుర్తుకు రారు? ఆరు రోజులు కలిసి చెమట కార్చినవాణ్ణి ఏడో రోజు పిలవడానికి నోరు రాకపోతే ఆ సిగ్గు ఎక్కడిది? అది కులం నేర్పిన సిగ్గు. ప్రభువు నేర్పింది కాదు.

రెండో అభ్యంతరం: "పిలిస్తే మతం మార్చడానికి అంటారు, గొడవలు వస్తాయి." అందుకే నిజాయితీగా పిలవాలి అంటున్నాం. పుట్టినరోజు భోజనం అని పిలిచి, వచ్చినాక తలుపు వేసి ప్రసంగం పెట్టడం మోసం. రోగం తప్పకుండా పోతుంది, అప్పు తప్పకుండా తీరుతుంది అని ఆశపెట్టి పిలవడం అంతకంటే పెద్ద మోసం. ఏ కూడికో ఉన్నదున్నట్టు చెప్పండి. "మా గుడిలో కోత పండుగ. పాటలుంటాయి, వాక్యం చెబుతారు, కలిసి భోంచేస్తాం. నీకు ఇష్టమైతే రా" అనండి. రానంటే మనసులో పెట్టుకోవద్దు. మరుసటి రోజు అంతకుముందు లాగానే పలకరించండి. రానన్నవాడితో స్నేహం నిలబడితేనే మనం పిలిచింది మనిషిని అని రుజువవుతుంది. నిలబడకపోతే మనకు కావాల్సింది అతడి తల లెక్క మాత్రమే.

ఇక్కడే ఇంకో మాట. ఏడాదంతా పలకరించకుండా పండుగ ముందురోజు కరపత్రం పట్టుకొని ఇల్లిల్లూ తిరిగితే జనం ఏమనుకుంటారు? ఓట్లప్పుడు వచ్చేవాళ్ళకూ వీళ్ళకూ తేడా ఏముంది అనుకుంటారు. పిలవాలంటే ముందు పోయి ఉండాలి. వాళ్ళ ఇంట్లో చావు జరిగినప్పుడు పోయామా? వాళ్ళ బోరు ఎండిపోయినప్పుడు గట్టుమీద కూర్చొని విన్నామా? వాళ్ళ బిడ్డ పెండ్లికి పిలిస్తే పోయి సాయం పట్టామా? కదిరి తేరు నాడు మన హిందూ స్నేహితుల ఇండ్లు చుట్టాలతో నిండిపోతాయి. ఆ చుట్టాలు ఫ్లెక్సీ చూసి వచ్చినవాళ్ళు కాదు. "పండగకు రా" అని ఇంటివాళ్ళు నోరారా పిలిస్తే వచ్చినవాళ్ళు. ఆ ఇండ్ల దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఉంది.

ఇంతకీ ఈ విషయం మీద మేము ఇంత గట్టిగా ఎందుకు మాట్లాడుతున్నామంటే, కోత పండుగ నాడు రానివాళ్ళు మా కండ్లముందు కదులుతున్నారు. మన నేల సంగతి మీకు తెలుసు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లో అటుఇటుగానో వాన పడే ప్రాంతం, అది కూడా పడాల్సినప్పుడు పడదు. పైరు ఊడలు దిగే సమయానికి మబ్బు మాయమైపోతే, పీకిన చెట్టుకు రెండు కాయలు కూడా ఉండవు. అట్లాంటి ఏడు మన ఫ్లెక్సీ మీద ఏముంటుంది? మీ మొదటి పంట కానుకలతో రండి అని ఉంటుంది. పంట వచ్చినవాడికి అది పిలుపు. పంట పోయినవాడికి అది తలుపు వేసినట్టే. మూట మోసుకొచ్చేవాళ్ళ మధ్యకు ఒట్టి చేతులతో ఎట్లా పోయేది అని వాడు ఇంట్లోనే కూర్చుంటాడు. పురుగుమందుల అంగడిలో అప్పు, బంగారు తాకట్టు, పైగా పండుగపూట ఒంటరితనం. అనంతపురం సీమలో అప్పులబాధతో ప్రాణం తీసుకున్న రైతుల ఇండ్లు ఎన్నో ఉన్నాయి. ఆ ఇండ్లలో చాలావాటి గోడమీద కూడా ఏదో ఒక సభ పోస్టరు అంటించే ఉంటుంది.

అట్లాంటివాడి దగ్గరికి ఏ ప్రకటనా పోలేదు. మనిషి పోవాలి. పక్కన కూర్చొని "ఏమీ తేనక్కరలేదు మామా, నువ్వు రా చాలు, ఇద్దరం కలిసే పోదాం" అనాలి. చేయి పట్టుకొని తీసుకురావాలి. కానుకల బల్ల ముందు నలుగురూ తన చేతులవైపు చూడకుండా తన పక్కన నిలబడాలి. పంట లేని ఏడు దేవుని సన్నిధికి వచ్చిన రైతే ఆ రోజు సంఘానికి వచ్చిన పెద్ద కానుక అని మేము నమ్ముతున్నాం. అట్లాగే బిడ్డలు బెంగళూరు పోతే తాళాలు వేసిన ఇండ్ల మధ్య ఒక్కతే మిగిలిన అవ్వ. ఆమెకు ఫోను చూడటం రాదు, కండ్లు కనబడవు, ఫ్లెక్సీ చదవలేదు. ఎవరైనా పోయి "అవ్వా, లే, గుడికి పోదాం" అంటేనే ఆమెకు పండుగ.

కాబట్టి ఈ ఏడు ఏం చేద్దాం? మేము సంఘాలన్నిటికీ చెప్పేది ఇది. ఫ్లెక్సీ మానేయండి. మానడానికి మనసు రాకపోతే గుడి ముందు ఒకటి కట్టుకోండి, చోటు తెలియనివాళ్ళకు గుర్తుగా ఉంటుంది. దానిమీద ఎవరి ఫోటో వద్దు. మిగిలిన డబ్బుతో దూరపు పల్లెల ముసలివాళ్ళకు ఆటో మాట్లాడండి. ఒక్కొక్కరు మూడు పేర్లు రాసుకోండి. ఒకటి చుట్టరికంలో చాలా రోజులుగా రానివాళ్ళది. ఒకటి మీ కులం కానివాళ్ళది. ఒకటి ఈ ఏడు పంటతోనో జబ్బుతోనో చావుతోనో దెబ్బతిన్నవాళ్ళది. ముందు ఆ మూడు పేర్ల కోసం ప్రార్థన చేయండి. తర్వాత కాళ్ళతో నడిచి వాళ్ళ ఇంటికి పోండి. దూరాన ఉన్నవాళ్ళకు మెసేజి పెట్టి ఊరుకోకుండా ఫోను చేసి గొంతు వినిపించండి. పండుగ నాడు మీరే పోయి వెంట తీసుకురండి. వచ్చినవాళ్ళను వాకిట్లో వదిలేసి మీరు ముందు వరసలోకి పోవద్దు. పక్కనే కూర్చోండి, పాటల పుస్తకంలో పేజీ తీసి ఇవ్వండి, భోజనం దగ్గర వాళ్ళ తర్వాత మీరు తినండి. మరుసటి వారం మళ్ళీ వాళ్ళ ఇంటికి పోండి, ఈసారి ఏ పనీ పెట్టుకోకుండా ఊరికే పోండి.

ఇట్లా చేస్తే జనం తక్కువ వస్తారేమో అని కమిటీ పెద్దలకు భయం ఉంటుంది. తక్కువే రానివ్వండి. పేరుతో పిలవబడి వచ్చిన పదిమంది మధ్య కూర్చోవడం, ఎవరికీ ఎవరూ తెలియని పెద్ద గుంపు ముందు మైకులో కేకలు వేయడం కంటే మంచిది. మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరు పెట్టి పిలుస్తాడని యోహాను సువార్త పదో అధ్యాయంలో ఉంది. ఆ కాపరి మంద అని చెప్పుకునే మనం గుంపును పోగేసే పనిలో పడకూడదు.

ప్రియులారా, మీలో ప్రతి ఒక్కరూ సంఘంలోకి ఎట్లా వచ్చారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఒక అమ్మ తీసుకొచ్చి ఉంటుంది, ఒక మేనత్త, ఒక పక్కింటి అక్క, పనికాడ ఒక అన్న. మీ పేరు పెట్టి పిలిచిన ఒక గొంతు ఉంది. ఈ వారం ఆ గొంతు మీది కావాలి. మీ మూడు పేర్లు రాసుకోండి, ఆదివారం ఆరాధన అయ్యాక వాటిని పట్టుకొని మా దగ్గరికి రండి. ఏ ఇంటికైనా తోడు రమ్మంటే మేము మీ వెంట వస్తాం.

పరలోకమందున్న మా తండ్రీ, మమ్మల్ని పేరు పెట్టి పిలిచినందుకు నీకు స్తోత్రం. పంట పోయిన ఇంటికీ, తాళాల మధ్య మిగిలిన అవ్వ ఇంటికీ, మేము ఇంతవరకూ పోని వీధికీ మా కాళ్ళను నడిపించు. అడ్డం పడే సిగ్గును తీసివేయి. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.